పొగ లేని బావి

పామిడి చుట్టుపక్కల ఊళ్ళలో ఈరప్ప దిగని బావి లేదు. ఆ మాట ఆయన గొప్ప కోసం చెప్పడం లేదు. ఆ సీమలో నీళ్ళు ఏడాదికేడాది కిందికి పోయేవి. నీళ్ళు పోయినకొద్దీ డీజిల్ ఇంజను కూడా వాటి వెంట పోవాల్సి వచ్చేది. పంపు పీల్చగలిగింది మహా అయితే ఇరవై, ఇరవై రెండు అడుగులు. అంతకన్నా లోతుకు నీళ్ళు జారితే రైతులు బావి గోడలో రాయి తొలిచి, మంచమంత అరుగు చేసి, ఇంజనును తాళ్ళతో దించి దానిమీద కూర్చోబెట్టేవాళ్ళు. మరుసటి ఏడు మళ్ళీ ఇంకో అరుగు, ఇంకో పది అడుగులు కిందికి. బావిలో కూర్చుని మొరాయించిన ఇంజనును బాగుచేయాలంటే మనిషి కూడా బావిలోకే దిగాలి. ఈరప్ప బతుకంతా అలా దిగడమూ ఎక్కడమూనే.

బావిలో ఇంజను ఆడితే పొగ కూడా బావిలోనే ఉంటుంది. పైకి గొట్టం పెట్టొచ్చు కదా అని చదువుకున్నవాళ్ళు అడుగుతారు. పెట్టారు. ఇంజను వణుకుడుకి అతుకులు నెల తిరక్కుండా విచ్చుకునేవి. రెండుసార్లు అతికించి, మూడోసారి వదిలేసేవాళ్ళు. ఈరప్ప నాయన సోమప్ప కూడా ఇంజన్ల మేస్త్రీనే. ఈరప్పకు పందొమ్మిదేళ్ళప్పుడు ఆయన ఇంజను ఆపడానికని పొగలో దిగి, మళ్ళీ ఎక్కలేదు. నాయన వెంట సగం మెట్లు దిగిన ఈరప్పను మేనమామ జుట్టు పట్టుకుని పైకి ఈడ్చాడు. ఆ జుట్టు నొప్పి ఈరప్ప ఎప్పుడూ మరిచిపోలేదు.

ఇంకో ప్రాణాన్ని పొగకు పోనివ్వనని నాయన మీద ఒట్టేసుకుని, అప్పటినుంచి ఆయన రెండు కట్టుబాట్లు పెట్టాడు. ఒకటి, ఇంజను ఆపే మీటకు తాడు కట్టి పైదాకా తేవాలి. ఆపడానికి ఎవరూ దిగనక్కర్లేదు. తాడు కట్టని ఇంజనును ఆయన ముట్టేవాడు కాదు, ఎంత పెద్ద రైతు అయినా సరే. రెండు, ఇంజను ఆపాక వేపమండల కట్టను తాడుకు కట్టి బావిలో పైకీ కిందికీ ఆడించాలి. పొగ కదిలి, పలచబడి, ఇంజను చక్రం కంటికి స్పష్టంగా కనబడేదాకా ఆడించాలి. కనబడ్డాకే దిగాలి. ప్రతి బావి పక్కనా ఒక వేపమండల కట్ట వేలాడేది. ఇరవై మూడేళ్ళలో ఈరప్ప చూసుకునే బావుల్లో పొగకు ఒక్క ప్రాణమూ పోలేదు. దాని గురించి ఆయన కొంచెం ఎక్కువగానే చెప్పుకునేవాడు. చెప్పుకోనీయండి, చెప్పుకోదగ్గదే.

రెండు వేల మూడులో, ఫిబ్రవరి నెలలో, అనంతపురం ఊరి బయటున్న ఒక ప్రైవేటు ఇంజినీరింగ్ కాలేజీ నుంచి హేమలత అనే లెక్చరరు జీపులో దిగింది. కదిరి పిల్ల. డీజిల్ పొగ మీద పరిశోధన చేస్తోంది. కాలేజీలో ఇంజనుమీద చేసింది అయిపోయింది, ఇక పొలాల్లో చూడాలట. ఎవరిని అడిగినా ఈరప్ప పేరే చెప్పారట.

"డీజిల్లో ఈ మందు కలపాలన్నా," అంది. "పది లీటర్లకు ఒక లీటరు. పొగ తగ్గుతుంది."

డబ్బాలో ఉన్నది నీళ్ళలా ఉంది. మూత తీస్తే ఆసుపత్రిలో వచ్చేలాంటి తీపి వాసన.

"పొగ యాడికి పోతాది?" అన్నాడు ఈరప్ప.

"పొయ్యిలో కట్టె సరిగా మండకపోతే ఏం చేస్తారు?"

"ఊదుతారు."

"గాలి అందక సగం కాలిన డీజిలే నల్లపొగ. ఈ మందులోనే ప్రాణవాయువు ఉంది. డీజిల్ కాలేటప్పుడు అది లోపలే అందుతుంది."

"అంటే ఊదుగొట్టం డీజిల్లోనే కలిపినారు," అన్నాడు ఈరప్ప. హేమలత పకపకా నవ్వింది. ఆ మాట నోటుబుక్కులో రాసుకుంది కూడా.

ప్రయోగానికి మూడు బావులు ఎంచారు. మొదటిది ఈరప్ప బామ్మర్ది కుళ్ళాయప్పది. భార్య చెన్నమ్మకు ఒక్కగానొక్క తమ్ముడు. ముప్పై దాటని వయసు, ఎకరన్నర వేరుసెనక్కాయ, బావిలో మోకాలెత్తు నీళ్ళు. కాయ ఊరే సమయంలో ఆ నీళ్ళు అందితే పంట, లేకపోతే మేత. కరెంటు వస్తే వచ్చినట్టు, పోతే పోయినట్టు. అందుకే అతనికి ఇంజనే దిక్కు. రెండో బావి పక్క పొలం జయరాందీ, మూడోది మూడు కిలోమీటర్ల అవతలున్న యేసన్నదీ.

మందు కలిపిన రోజు ఈరప్ప తన పద్ధతిలోనే పరీక్ష పెట్టాడు. బావిలోకి దించకముందు ఇంజనును పైనే ఆడించి, తెల్ల తుండును పొగగొట్టం ముందు పట్టాడు. మామూలుగా అయితే వంద అంకెలు లెక్కపెట్టేలోగా తుండు మీద మసి పేరుకునేది. ఆ రోజు తుండు మీద పడింది లేత బూడిద రంగు మరక, అంతే. ఈరప్ప నోరు తెరిచాడు. తుండును తిప్పి చూశాడు, ముక్కు దగ్గర పెట్టుకున్నాడు, కుళ్ళాయప్పకిచ్చాడు. నలభై రెండేళ్ళ మనిషి చిన్నపిల్లాడిలా ఆ తుండును నలుగురికీ చూపిస్తూ తిరిగాడు. నాయనను చంపిన నలుపు పోయిందన్న సంతోషం అది. దాన్ని ఎవరూ తప్పు పట్టలేరు.

హేమలత మాత్రం పోయేముందు జీపు దగ్గర నిలబడి గట్టిగా చెప్పింది. "ఈరప్పన్నా, బాగా విను. తగ్గింది మసి. విషవాయువు ఇంకా ఉంటుంది. దానికి రంగు లేదు, వాసన లేదు, కంటికి కనబడదు. ఇంజను ఆడేటప్పుడు ఎవరూ బావిలో దిగకూడదు. నువ్వే అందరికీ చెప్పాలి."

"నాకు చెప్తాండావామ్మా?" అని నవ్వాడు ఈరప్ప. "బాయిలో పొగ సంగతి నాకంటే ఎవురికి తెలుసు?"

తెలుసు, నిజమే. కానీ ఆయనకు తెలిసింది కనబడే పొగ. ఆయన నేర్చుకున్నదంతా కళ్ళతో నేర్చుకున్నదే. కంటికి కనబడని పొగ ఒకటి ఉంటుందన్న మాట చెవిలో పడిందిగానీ ఒంటికి పట్టలేదు.

తర్వాతి ఆదివారం కుళ్ళాయప్ప బావి దగ్గర పదిమంది చేరారు. జయరాం వచ్చాడు, యేసన్న వచ్చాడు. బావిలో ఇంజను ఆడుతోంది. అందరూ తొంగి చూస్తున్నారు. అరుగు కనబడుతోంది, చక్రం కనబడుతోంది, అడుగున నీళ్ళలో ఆకాశం కూడా కనబడుతోంది.

"ఏమప్పా ఈరప్పా," అన్నాడు యేసన్న. "పొగ సచ్చిపాయ అంటాండావు. అంత నమ్మకముంటే నువ్వే దిగు, చూస్తాం."

నలుగురూ నవ్వారు. ఈరప్ప నవ్వలేదు. తెల్లచొక్కా గుండీలు పెట్టుకుని, మెట్టు మీద మెట్టు దిగి, ఆడుతున్న ఇంజను పక్కన నిలబడ్డాడు. ఒక బీడీ కాలేంత సేపు ఉన్నాడు. కింది నుంచి చెయ్యి ఊపాడు. పైకొచ్చి చొక్కా చూపించాడు. తెల్లగానే ఉంది. జనం ఈలలు వేశారు. ఆ రోజు పడమటి గాలి చెట్లను ఊపేస్తోంది, బావిలోకి కూడా దూరుతోంది. దాన్ని ఎవరూ పట్టించుకోలేదు.

సాయంత్రం ఇంటికొచ్చి ఈరప్ప గోడకు చేరగిలబడ్డాడు.

"తలకాయ పగిలిపోతాంది చెన్నమ్మా," అన్నాడు. "కడుపులో తిప్పుతాంది."

"ఏమైంది?"

"ఎండ."

చెన్నమ్మ నుదుటికి బామ్ రాసి, మజ్జిగ ఇచ్చింది. చీకటి పడేలోపు తగ్గింది. ఈరప్పకు ఆ తలనొప్పి మీద అనుమానం రాలేదని చెప్పలేను. వచ్చింది. అయినా ఊరంతా తన చొక్కా గురించి మాట్లాడుకుంటున్న రోజున దాన్ని బయటపెట్టడానికి ఆయనకు మనసొప్పలేదు. ఎండే అయ్యుంటుందిలే అని తనకు తానే చెప్పుకున్నాడు.

ఆ మర్నాటినుంచి మూడు బావుల దగ్గరా పద్ధతి మారిపోయింది. డీజిల్ పోయడానికి ఇంజను ఆపడం మానేశారు. ఆపితే మళ్ళీ తిప్పడం కష్టం, పైగా కాలవలో పారే కాసిన్ని నీళ్ళు ఆలోగా ఇంకిపోతాయని భయం. ఈరప్ప దిగాడుగా, మనకేం? అలా ఆడుతుండగానే దిగేవాళ్ళు, పోసేవాళ్ళు, ఎక్కేవాళ్ళు. వేపమండలు ఎండి రాలిపోయాయి. కొత్తవి ఎవరూ కట్టలేదు. ఈరప్ప అది చూశాడు. చూసి, రెండుసార్లు నోరు తెరిచి, మూసుకున్నాడు.

మార్చి నెల మూడో వారంలో ఒక మిట్టమధ్యాహ్నం. ఆకు కదలడం లేదు. చెన్నమ్మ తమ్ముడికి సంగటి కట్టుకుని పొలానికి బయల్దేరింది. ఇంజను లెక్కలు హేమలత ఇచ్చిపోయిన బుక్కులో రాయాలని ఈరప్ప కూడా వెంట నడిచాడు. పొలం ఇంకా కనబడకముందే చెన్నమ్మ ఆగిపోయింది.

దారి తడిగా ఉంది. చూస్తుండగానే నీళ్ళు పాకుతూ వచ్చి ఆమె పాదాలను తడిపాయి.

ఆ ఏడు, ఆ ఊళ్ళో, నీళ్ళు దారి మీద పారడమా? చెంబెడు నీళ్ళతో ముఖం కడిగి, ఆ నీళ్ళనే చెట్టుకు పోసే రోజులు. కుళ్ళాయప్ప అయితే మడిలోంచి మడికి మడవ తిప్పేటప్పుడు చారెడు నీళ్ళు కూడా పొర్లనివ్వడు.

"మడవ తిప్పేవాడు లేడు," అంది చెన్నమ్మ.

ఈరప్ప పరిగెత్తాడు. ఇంజను ఎప్పటిలాగే ఆడుతోంది. ఒడ్డున మోకాళ్ళ మీద కూలబడి తొంగిచూశాడు. అంతా కనబడుతోంది. అరుగు, చక్రం, నూనె డబ్బా. ఇంజను పక్కన గోడకు ఆనుకుని, కాళ్ళు చాపుకుని కుళ్ళాయప్ప. అలసిపోయి కునుకు తీస్తున్నట్టున్నాడు. చొక్కా బొత్తాలు కూడా లెక్కపెట్టొచ్చు, అంత స్పష్టంగా ఉన్నాడు.

"రే కుళ్ళాయా!"

పలకలేదు. ఈరప్ప తాడు గుంజాడు. ఇంజను ఆగిపోయింది. ఆ నిశ్శబ్దంలో చెన్నమ్మ కేక వేసి మెట్ల మీదికి దూకింది. ఈరప్ప ఆమె నడుము పట్టుకుని వెనక్కి ఈడ్చాడు.

"వదులు! నా తమ్ముడు! ఈడ కనబడతానే ఉండాడు గదా!"

"నువ్వు దిగితే నువ్వూ పోతావు!"

ఆమె ఆయన చేతిని రక్తమొచ్చేలా కొరికింది. ఆయన వదల్లేదు. అంతలో పక్క పొలంలోంచి ఈరప్ప కేకలు విని జయరాం పరిగెత్తుకొచ్చాడు. సంగతేంటో అడక్కుండానే మెట్టు మీద కాలు పెట్టబోయాడు. "పొగే లేదు గదన్నా, ఎందుకు నిలబడినావు?" అన్నాడు. ఈరప్ప అతన్ని ఛాతీ మీద తోసి, చెన్నమ్మను అతనికి అప్పగించి, వేపచెట్టెక్కి కొమ్మలు విరిచాడు. కట్ట కట్టి బావిలోకి వదిలి ఆడించడం మొదలుపెట్టాడు. పైకి, కిందికి. పైకి, కిందికి.

అప్పుడు తట్టింది ఆయనకు. ఎప్పుడు ఆపాలి?

ఎప్పుడూ పొగే చెప్పేది. నల్లగా కదిలేది, పైకి లేచేది, పలచబడేది. చక్రం కనబడగానే దిగేవాడు. ఇప్పుడు చక్రం మొదటినుంచీ కనబడుతూనే ఉంది. ఇరవై మూడేళ్ళ విద్య చేతిలో ఉండి కూడా ఈరప్ప గుడ్డివాడైపోయాడు. ఇప్పుడు దిగితే చస్తాడా? ఇంకాసేపు ఆగితే కింద ఉన్నవాడు చస్తాడా? అడగడానికి ఎవరున్నారు? నాయన మీద ఒట్టేసి నిలబెట్టుకున్న మాట అరచేతుల్లోంచి జారిపోతోంది. భుజాలు పడిపోయేదాకా ఆడించాడు. చివరికి నడుముకు తాడు కట్టుకుని, రెండో కొస జయరాంకిచ్చి, ఊపిరి బిగబట్టి దిగాడు.

కుళ్ళాయప్పను పైకి చేర్చేసరికి అతని చెంపలు ఎర్రగా ఉన్నాయి. చచ్చినవాడి ముఖంలా లేనేలేదు. అది చూసి చెన్నమ్మ, "బతికే ఉండాడు, చూడు, బతికే ఉండాడు," అని పదేపదే అంది. పామిడి ఆసుపత్రిలో డాక్టరు నాడి చూసి తల అడ్డంగా ఊపాడు. ఇంజను గ్యాసు అన్నాడు. ఆ ఎరుపు కూడా దానివల్లేనన్నాడు. ఎప్పుడు బయటికి తీశారని అడిగాడు. ఈరప్ప చెప్పాడు. ఇంకాస్త ముందు తెచ్చుంటే చూసేవాళ్ళమేమో అని ఆయన మెల్లగా అన్నాడు.

ఊళ్ళోకొచ్చేసరికి కథ వేరే అయింది. పొగ లేని బావిలో పొగకు ఎలా చస్తాడు? ఆ బావిలో ఏదో ఉండాదన్నారు. నిమ్మకాయలు కోసి బావిలో వేశారు. పొట్టేలు కోయాలని కూడా కొందరన్నారు. ఈరప్ప అన్నీ విన్నాడు. కాదనలేదు. దయ్యం చంపిందంటే ఈరప్ప పేరు మీద మచ్చ పడదు.

చెన్నమ్మ మూడు రోజులు ఆయనతో మాట్లాడలేదు. తనను దిగనివ్వలేదన్న కోపమనుకున్నాడు. ఆ కోపాన్ని ఆయన భరించగలడు.

మూడోనాడు హేమలత వచ్చింది. విషయం ఆమెకు ఆ పొద్దే తెలిసిందట. ముఖంలో నెత్తురు చుక్క లేదు. గడప దగ్గర నిలబడి, లోపలికి రాలేక, "అన్నా, దిగకూడదని చెప్పాను కదా. ఎవరికీ చెప్పలేదా?" అంది.

మూలన కూర్చున్న చెన్నమ్మ లేచింది.

"ఆ పొద్దు నన్ను పట్టుకునింది తప్పు కాదు," అంది మొగుడితో. "నన్ను పట్టుకోకపోతే నేనూ పోయిందును. అది నాకు తెలుసు. ఆదివారం నువ్వు దిగి చూపిస్తివే, సాయంత్రం తలకాయ పగిలిపోతాందంటివే, కడుపులో తిప్పుతాందంటివే. నాకు చెప్పినావు. ఊరికి చెప్పలే. నా తమ్మునికి చెప్పలే."

ఆమె ఆ మాటను ఇన్నాళ్ళూ మోసుకుని తిరుగుతోందని ఈరప్ప కలలో కూడా అనుకోలేదు.

"మిగతా రెండు బావుల్లో ఇంకా ఆ డీజిలే ఉంది కదా?" అంది హేమలత మెల్లగా.

ఈరప్ప చెప్పులు కూడా వేసుకోకుండా జీపెక్కాడు. జయరాం బావి ఆగి ఉంది. కళ్ళారా చూసినవాడు, ఇంజను దగ్గరికే పోవడం లేదట. అక్కడినుంచి యేసన్న పొలానికి. దూరంనుంచే ఇంజను చప్పుడు వినబడింది. ఈరప్ప జీపు ఆగకముందే దూకి, బావి ఒడ్డుకు పరిగెత్తి తొంగిచూశాడు.

అంతా కనబడుతోంది. అరుగు మీద యేసన్న గొంతుక్కూర్చుని డీజిల్ పోస్తున్నాడు.

ఈరప్ప చెయ్యి తాడు కోసం వెతికింది. తాడు లేదు. పొగే లేనప్పుడు తాడెందుకని విప్పేశారు. అదిగో, ఆవలి గట్టున గేదె మెడకు ఉంది. ఈరప్ప గొంతు చించుకుని అరిచాడు. ఇంజను మోతలో ఏం వినబడుతుంది? కాలు మెట్టు మీద పెట్టబోయాడు. హేమలత రెండు చేతులతో ఆయన చొక్కా పట్టుకుంది. అప్పుడు మట్టిగడ్డ తీసుకుని యేసన్న వీపు మీదికి విసిరాడు. ఒకటి, రెండు, మూడోది తగిలింది. యేసన్న తలెత్తాడు. ఈరప్పను చూసి నవ్వి, చెయ్యి ఊపాడు, సరిగ్గా ఆ ఆదివారం ఈరప్ప ఊపినట్టే.

ఈరప్ప పైకి రమ్మని రెండు చేతులూ ఊపాడు. మొక్కాడు. యేసన్న డబ్బా పెట్టి, విసుగ్గా మెట్లెక్కడం మొదలుపెట్టాడు. సగంలో ఆగాడు. గోడ పట్టుకున్నాడు. మళ్ళీ ఎక్కాడు. చెయ్యి అందగానే ఈరప్ప రెక్క పట్టుకుని లాగి గట్టు మీద పడేశాడు.

"ఏమప్పా, గడ్డలతో కొడతాండావు?" అన్నాడు యేసన్న రొప్పుతూ. నుదురు పట్టుకున్నాడు. "ఉండు, ఉండు. తలకాయ నొప్పిగా ఉండాది. ఎండ."

"ఎండ కాదు యేసన్నా," అన్నాడు ఈరప్ప. పొలాల్లోంచి జనం ఒక్కొక్కరే వస్తున్నారు. వాళ్ళందరూ దగ్గరికి వచ్చేదాకా ఆగాడు. "ఎండ కాదు. ఆ ఆదివారం నేను దిగినప్పుడు నాకూ ఇట్లే తలకాయ నొప్పొచ్చింది. నా పేరు పోతాదని ఎవురికీ చెప్పలే. కుళ్ళాయప్పను దయ్యం చంపలే. నేను చెప్పకపోవడమే చంపింది."

యేసన్న నుదుటి మీదినుంచి చెయ్యి తీయకుండా ఆయన వంకే చూస్తూ ఉండిపోయాడు. బావిలో ఇంజను ఇంకా ఆడుతూనే ఉంది. డీజిల్ అయిపోయేదాకా దాన్ని ఆపడానికి ఎవరూ దిగలేదు.